చేతి చమురూ ఇంజిన్ చమురూ

ఓవర్‌హాల్‌కు వెళ్ళేముందు పొట్ట పొడిగా ఉన్న విమానపు ఇంజిన్, అక్కడి నుంచి కొత్త రంగుతో నిగనిగలాడుతూ తిరిగివచ్చిన కొద్ది రోజులకే హ్యాంగరు నేలపై చుక్కలు పెట్టడం మొదలుపెడుతుందన్నది చిన్న విమానాల లోకంలో ఎంత పాత సంగతో, ప్రతి యజమానికీ అంత కొత్త అవమానం. ఓవర్‌హాల్ అంటే ఇంజిన్‌ను ఆఖరి మర వరకూ విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి, అరిగినవాటిని మార్చి, తిరిగి బిగించడం. లైకమింగ్ సంస్థ తన ఓ-320 రకాల్లో చాలావాటికి 2000 గంటలు నడిచాక దీన్ని సిఫారసు చేస్తుంది. ఇంత పనికి చేతి చమురు వదిలించుకున్న మనిషి, దానికి రసీదుగా ఇంజిన్ చమురును నేల మీద చూడవలసిరావడంలోని న్యాయాన్ని ఏ సాంకేతిక గ్రంథమూ వివరించలేదు.

సెస్నా 172 విమానాల్లో దశాబ్దాల పాటు వాడిన ఈ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు, అటు రెండూ ఇటు రెండూ, అడ్డంగా పడుకుని ఉంటాయి. చమురు బయటపడడానికి దీనిలో ఉన్న దారులను లెక్కిస్తే తయారుచేసినవారిది ఉదార స్వభావమని ఒప్పుకోక తప్పదు. వాల్వులను ఆడించే కడ్డీలను కప్పిన గొట్టాల చివర సీళ్ళు, రాకర్ కవర్ల కింది గ్యాస్కెట్లు, సిలిండరు తలల నుంచి చమురును తిరిగి కింది సంపులోకి దింపే గొట్టాలు, వాటి రబ్బరు తొడుగులు, ఆ తొడుగులను పట్టుకున్న క్లాంపులు, ప్రొపెల్లరు వెనుక క్రాంక్‌షాఫ్టును చుట్టుకున్న ముక్కు సీలు, వెనుక వైపు మాగ్నెటోలూ వాక్యూమ్ పంపూ కూర్చున్న చోట్లు, ఆయిల్ కూలరుకు వెళ్ళివచ్చే గొట్టాలు, ఇవన్నీ అనుమానితులే. పైగా అన్నీ కొత్తవి గనుక, ఎవరి మీదా పాత కేసులు లేవు.

నేల మీది చుక్క సాక్ష్యంగా దాదాపు నిరుపయోగం. ఇంజిన్‌ను కప్పే కౌలింగ్ అనే రేకు తొడుగులోకి ముందు నుంచి దూసుకువచ్చే గాలి, సిలిండర్ల రెక్కల మధ్యగా కిందికి దిగి, అడుగున వెనుక వైపు నుంచి బయటపడుతుంది. కాబట్టి ఎక్కడ కారిన చమురైనా ఆ గాలితో పాటే వెనక్కీ కిందికీ ప్రయాణించి, తనకు ఏ సంబంధమూ లేని ఒక అమాయకపు బోల్టు అంచున వేలాడుతుంది. తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదాన్ని పట్టుకోవాలన్నది మెకానిక్కుల సూత్రం. అందుకోసం ఇంజిన్‌ను సాల్వెంటుతో కడిగి, ఆరబెట్టి, తెల్లని పొడి చల్లి, కొద్ది నిమిషాలు నడిపి ఆపి, పొడి మీద నల్లగా పాకిన జాడను చూస్తారు. అదీ చాలకపోతే చమురులో మెరిసే రంగు కలిపి, అతినీలలోహిత దీపం పట్టి వెతుకుతారు. ఆ దీపం కాంతిలో లీకుతో పాటు, చమురు పోసినప్పుడు ఒలికినదీ, ఫిల్టరు విప్పినప్పుడు ఒలికినదీ, తుడిచామనుకున్న వేలిముద్రలూ సమానంగా ధగధగలాడి, నేరం ఒక్కటైతే నేరస్థలాలు పాతికగా తేలతాయి. ఈ లోగా హ్యాంగరులోని ఇతర విమానాల వాళ్ళందరూ, పెళ్ళింట్లో ఉంగరం పోయినప్పటి చుట్టాల్లాగా, ఒక్కొక్కరూ ఒక్కో మూలను చూపించి, రోగనిర్ణయం చేసి, గుడ్డ ముక్క మాత్రం పట్టుకోకుండా వెళ్ళిపోతారు.

ఇక్కడ ఒక గతవైభవాన్ని స్మరించడం అవసరం కాకపోయినా ఊరటనిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాల్లో చాలావాటికి రోటరీ ఇంజిన్లు ఉండేవి. వాటిలో క్రాంక్‌షాఫ్టు విమానానికి బిగిసి కదలకుండా ఉంటే, సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో పాటు గిరగిర తిరిగేవి. పెట్రోలు ఆవిరి క్రాంక్ కేసు గుండానే సాగేది గనుక, పెట్రోలులో సులువుగా కరిగిపోని కందెన కావలసివచ్చి, చివరకు ఆముదం దగ్గర ఆగారు. పోసిన ఆముదం ఒక్కసారి ఇంజిన్‌లో తిరిగి, మళ్ళీ వెనక్కి రాకుండా, పొగతో కలిసి బయటికి చిమ్మేది. లీకు అనే సమస్యను ఇంత సమూలంగా పరిష్కరించిన విధానం తరువాత ఎవరికీ తట్టలేదు. ఆనాడు చమురు ఎక్కడి నుంచి కారుతున్నదని ఎవరూ వెతకలేదు. కారడం ఆగితేనే కంగారు. చిమ్మిన ఆముదం రెక్కల మీదా, కళ్ళద్దాల మీదా, వెనుక కూర్చున్న పైలట్ ముక్కులోకీ నోట్లోకీ చేరేది. ఆముదం తాగినట్టు మొహం పెట్టడమన్నది ఆ పైలట్ల విషయంలో ఉపమానం కాదు, ఉద్యోగ ధర్మం. దాని తదుపరి ప్రభావం, పిల్లల ముక్కు మూసి గరిటెతో పోసిన తెలుగు అమ్మమ్మలు ఊహించగలిగినదే. మహబూబ్‌నగర్, నల్గొండ చెలకల్లో ఇప్పటికీ పండే ఆ పంటను ఆకాశ యుద్ధాల చరిత్రతో ముడిపెట్టి ఎవరూ పూజించకపోవడం కృతఘ్నత అనిపించుకుంటుంది. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న సామెత ఇంజిన్ల విషయంలో కొన్నేళ్ళపాటు అక్షరాలా చెల్లింది.

ఆ పైలట్లు కళ్ళద్దాలపై పడిన ఆముదాన్ని మెడలోని పట్టు రుమాలుతో తుడుచుకునేవారు. పట్టు నేటికీ విమానాన్ని విడిచిపోలేదు. లైకమింగ్ ఇంజిన్ క్రాంక్ కేసు రెండు చెక్కలుగా ఉంటుంది. మధ్యలో గ్యాస్కెట్ పెడితే దాని మందం వల్ల బేరింగుల కొలతలు మారిపోతాయి కాబట్టి, పలచని సీలెంటు పూసి, సన్నని పట్టుదారం పరిచి, రెండు చెక్కలనూ కలిపి బిగిస్తారు. ఆ దారం పరిచిన తీరు తప్పిందని తేలితే, చుక్క కోసం మళ్ళీ ఇంజిన్ మొత్తం విప్పాలి. అందుకే ప్రతి మెకానిక్కూ ఆ అతుకును అందరికన్నా చివర అనుమానిస్తాడు, ప్రతి యజమానీ అర్ధరాత్రి అందరికన్నా ముందు అనుమానిస్తాడు.

చాలాసార్లు నేల మీది చుక్క లీకే కాదు. కొత్త పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు కుదురుకునే వరకూ, అంటే సాదా మినరల్ ఆయిల్‌తో నడిపే మొదటి యాభై గంటల్లో, మండిన వాయువులు కొంత కిందికి జారి, బ్రీదర్ అనే ఊపిరిగొట్టం నుంచి చమురు తుంపరతో బయటపడతాయి. సంపు నిండా ఎనిమిది క్వార్టులు, అంటే సుమారు ఏడున్నర లీటర్లు పోస్తే, పైనున్న ఒక క్వార్టును ఇంజిన్ అదే దారిన విసిరేస్తుంది. తయారీదారు ఇచ్చిన సూత్రం ప్రకారం 150 అశ్వశక్తి ఇంజిన్ గంటకు దాదాపు అర లీటరు ఖర్చు చేసినా పరిమితిలో ఉన్నట్టే. ఈ అంకె విన్న యజమాని ఊరట చెందడు. రెండు చుక్కలకు వివరణ అడిగినవాడికి అర లీటరు అనుమతిపత్రం చూపడం ఓదార్పు కాదు.

బాగుచేయించాకే ఈ చుక్కలు ఎందుకన్నదానికి ఒక పాత జవాబుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు కోస్టల్ కమాండ్ కోసం పనిచేసిన జీవశాస్త్రవేత్త వాడింగ్టన్, లిబరేటర్ విమానాల లెక్కలు పరిశీలించి, చెడిపోవడాలు 50 గంటల తనిఖీకి ముందు కాక, తనిఖీ ముగిసిన వెంటనే ఎక్కువగా ఉండి, ఆపైన గంటలు గడిచేకొద్దీ తగ్గుతున్నట్టు గుర్తించాడు. చెడగొడుతున్నది వయసు కాదు, బాగుచేయాలని తాపత్రయపడిన చేతులు. అవి నిర్లక్ష్యపు చేతులూ కావు. ఓవర్‌హాల్‌లోనైతే, రెండు వేల గంటలు ఒకదానికొకటి అలవాటుపడిన భాగాలను, మంచి కోసమే, విడదీసిన చేతులు అవి. ఆ లెక్కన చుక్క కోసం కౌలింగ్ విప్పిన ప్రతిసారీ మరో తనిఖీ జరిగినట్టే. అది తెలిసిన మెకానిక్ కూడా రాకర్ కవర్ స్క్రూలను ఇంకొక్క పావు చుట్టు బిగిస్తాడు, తెలిసిన యజమాని దీపం పడతాడు.