ముగ్గులోకి దింపారు

సంక్రాంతి కాకపోయినా ఆ రోజు మా ఊరి బడి ముందు ముగ్గు పడింది. జిల్లా కేంద్రం నుంచి దిగిన బృందం రంగుపొడులు, చింతపిక్కలు, మొక్కజొన్న గింజలు తెచ్చి, "ఊరి పటం మీరే గీయండి, మేం వింటాం" అంది. పల్లెవాళ్ల చేతికి కర్ర ఇచ్చి మీరు పక్కన కూర్చోండని అధికారులకు రాబర్ట్ ఛాంబర్స్ అనే పెద్దాయన 1990లలో ఊరూరా చెప్పిన పద్ధతే ఇది. అందులో కూర్చోవడం మాత్రం మనవాళ్లకు బాగా ఒంటబట్టింది. షామియానా కింద, ఫ్యాను పక్కన.

ముగ్గు తన పని తాను చేసింది. గ్రామసభలో ఏనాడూ నోరు విప్పని దిగువపేట అవ్వ గొంతుక్కూర్చుని మూడు చింతపిక్కలు జరిపింది. "ఇక్కడ బోరు గీశారేంట్రా? అది ఎండిపోయి రెండేళ్లయింది. మురుగు ఇటు పారుద్ది, మా గడపలోకి." కాలవ మీద పశువుల పాక వేసుకున్న ఆసామి గొంతు పెంచబోయాడు. ఎవరో కుర్రాడు పాక ఉన్నచోట పేడముద్ద పెట్టాడు. సభంతా నవ్వింది, ఆసామి కూడా నవ్వక తప్పలేదు. మామూలుగా అయితే ఆ మాటకి తలలు పగిలేవి. నేల మీద గీత ఉంది గనక వేళ్లన్నీ గీతనే చూపించాయి, మనిషి జోలికి పోలేదు.

ఇంతలో వినడానికి వచ్చినాయన ఫోన్లో ఎవరి మాటో వింటున్నాడు. ఇంకొకాయన బడి మేడెక్కి పటాన్ని ఫొటో తీశాడు. గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అధికారుల చెవులు ఎప్పటి నుంచి అమల్లోకి వస్తాయో ఇంకా గెజిట్‌లో పడలేదు.

చివర్లో మినిట్సు పుస్తకం వచ్చింది. తీర్మానం ముందురోజే రాసి ఉంది, వేలిముద్రలే తరువాయి. అవ్వ బొటనవేలికి నీలం పొడి ఇంకా అంటుకునే ఉంది. స్టాంపు ప్యాడు ఖర్చు కలిసొచ్చింది. వాళ్ల జీపు కదలగానే కోళ్లు వచ్చి ఎగువ వీధిని మొత్తం, గింజా గింజా, ఏరుకు తిన్నాయి.

మూడు నెలలకు రంగుల అట్టతో నివేదిక దిగింది. అందులో మా బోరు నిండుగా నీళ్లు పోస్తోంది. పాక లేదు. కాంట్రాక్టరుకు వీలైన వైపు కాలవ మలుపు తిరిగి, మురుగు మెరక మీదికి ఎక్కుతోంది.

అవ్వకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఊరు బాగుందిరా. ఇందులో నాకు ఇళ్లస్థలం ఇప్పిస్తారేమో అడుగు."