ఖాళీ టబ్బుల లెక్క

సింగరేణి శ్రీరాంపూర్ బొగ్గుబాయిల మీద, బొగ్గు మోసే టబ్బుల కాలం నుంచీ ఒకటే మోటు లెక్క. షిఫ్టు ముగిసేసరికి ఎంత బొగ్గు పైకొచ్చింది? ఖాళీ టబ్బులు ఎన్ని లోపలికి దింపారని ఎవరూ అడగరు. పాపం, సింగరేణికి డిజిటల్ విద్య ఒంటబట్టలేదు. బడుల్లో అయితే దింపిన ఖాళీ టబ్బులే ఉత్పత్తి. ఎన్ని లింకులు పంపారు? ఎన్ని వాట్సాప్ గ్రూపులు పెట్టారు? ఎందరు జాయినయ్యారు? పిల్లవాడికి భాగహారం వచ్చిందా అన్న గడి మాత్రం పైకి పంపే ఫారంలో ఉండదు.

"అన్నీ ఉచితమే మేడం!" అంటాడు శిక్షణ ఇవ్వడానికొచ్చిన పెద్దమనిషి. నిజమే, యాప్ ఉచితం. ఫోను టీచరమ్మది. డేటా ప్యాకు ఆమె జీతంలోంచి. లింకు తెరుచుకోవట్లేదని రాత్రి పదింటికి ఫోన్ చేసే తల్లికి ఓపికగా చెప్పే గొంతూ ఆమెదే. ఇవన్నీ ఆమె పెట్టుకున్నాక సర్కారుకు మిగిలేది ఉచితమే మరి!

2020 సెప్టెంబర్ 1న టీవీ చానళ్లు టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. కరోనా కాలం, ఏదో ఒకటి చేయాలి, కాదనను. కానీ ఆ టైంటేబుల్ వేసినవారికి బాయి షిఫ్టుల సంగతి తెలిసినట్టు లేదు. నాయిన రాత్రి షిఫ్టు దిగొచ్చి ఒక్కగది క్వార్టర్లో పగలు పడుకుంటే టీవీ సౌండు పెట్టేదెవరు? ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మొదటి షిఫ్టు పడితే నాయిన జేబులో పోయే. దాన్ని బాయిలోకి దింపనివ్వరు. నాయిన కింద, ఫోను బాయి మీద, బిడ్డ ఇంట్లో, వర్క్‌షీటు వాట్సాప్‌లో. సాయంత్రం రెండు నీలం టిక్కులు పడ్డాయంటే పాఠం అందినట్టే!

పాఠ్యపుస్తకం తెరిస్తే ఫోనుతో పాఠం చూడమనే దీక్షా క్యూఆర్ కోడ్. తల ఎత్తితే "బడికి ఫోన్ తేరాదు" అన్న బోర్డు. రెండూ ఒకే శాఖవి.

పైగా ఈ ఉచితానికి యజమాని ఎక్కడో ఉంటాడు. ఆన్‌లైన్ తరగతుల వేదిక ఎడ్మోడో 2022 సెప్టెంబర్‌లో దుకాణం కట్టేసింది. గూగుల్ వారి డిజిటల్ నల్లబల్ల జామ్‌బోర్డు 2024 డిసెంబర్ 31న పోయింది. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకు మాట మధ్యలోనే తెగుతుంది. పీరియడు 45 నిమిషాలు. సందేహాలడిగే ఆ చివరి అయిదు నిమిషాలు డబ్బు కట్టినవారికి.

పనిముట్లు చెడ్డవైతే ఇంత మంట ఉండేది కాదు. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ ప్రయోగాలు తెలుగులోనూ దొరుకుతాయి. ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు. తెర మీద బ్యాటరీ, తీగ, బల్బు కలిపి పిల్లలు ఎన్నిసార్లు షార్ట్ సర్క్యూట్ చేసినా ఫ్యూజు పోదు, తిట్లు పడవు. జియోజీబ్రాలో త్రిభుజం మూల పట్టుకొని ఎటు లాగినా మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలే. "ఇంకోసారి లాగుతా సార్!" అని పిల్ల ఎగబడుతుంది. పాత ల్యాప్‌టాపు, తెల్లగోడ ఉన్న టీచరుకు ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆ టీచరు పేరు నివేదికలకెక్కదు. ఆ పనిముట్లలో హాజరు కాలమ్ లేదు, పైకి పంపే డ్యాష్‌బోర్డు లేదు. యుడైస్ వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్క, ముఖం చూపిస్తేనే పడే హాజరు... ఇవన్నీ నింపాక మిగిలిన పావుగంటలో ఆ పని చేసుకోవాలి.

అయ్యా, వచ్చే శిక్షణకు కొత్త యాప్ తేకండి. బడికో నెట్ కనెక్షను, ఒక ప్రొజెక్టరు, అది చెడిపోతే ఎత్తే మనిషి ఫోన్ నంబరు ఇచ్చి పొండి. లింకులు టీచర్లే వెతుక్కుంటారు.