రికార్డర్లన్నియు పనిలో నున్నవి: సటీకాతాత్పర్యము

అవతారిక. నెలనెలా చందాలు కట్టలేక, మన సభ మన సర్వరులోనే జరుగవలెనని పట్టుబట్టి ఒకానొక సాహితీ సంఘము వీడియో సభలు నడపు జిట్సీ యను సాఫ్ట్‌వేరును సొంతముగా నెలకొల్పుకొన్నది. శనివారము సాయంత్రము ఒక గదిలో కార్యవర్గ సమావేశము, మరొక గదిలో ప్రబంధములపై ప్రసంగము ఒకే వేళకు మొదలైనవి. ప్రసంగపు గదిలో నిర్వాహకుడు రికార్డింగు మీట నొక్కగా తెరపై ఈ వాక్యము అవతరించినది.

మూలము. "రికార్డర్లన్నియు ప్రస్తుతము పనిలో నున్నవి. వాటిని ఖాళీ చేయు ప్రయత్నములో మేమున్నాము. కొద్ది నిమిషములలో మరల ప్రయత్నింపుడు."

ప్రతిపదార్థము. రికార్డర్లు = జిబ్రీ యను ప్రోగ్రాము; అన్నియు = ఉన్నది ఒక్కటే యైనను (గౌరవార్థమున బహువచనము); ప్రస్తుతము = ఉగాది సభకు హాలు అద్దె ఎంతయను వాదము తెగువరకు; పనిలో నున్నవి = ఆ వాదమును పొల్లుపోకుండ పట్టుచున్నవి; ఖాళీ చేయు ప్రయత్నములో = (శంకాఘట్టమున చెప్పబడును); కొద్ది నిమిషములలో = ప్రసంగము ముగిసిన పిమ్మట; మరల ప్రయత్నింపుడు = ఇదే వాక్యమును మరల చదువుడు.

తాత్పర్యము. ఒక జిబ్రీ ఒక వేళకు ఒక సభనే రికార్డు చేయును.

విశేషములు. మాటలు, బొమ్మలు సర్వరు మీదుగానే పోవుచున్నవి గదా, దారిలో పట్టి ఫైలులో పోసిన చాలదా యని లోకుల తలంపు. చాలదు. జిట్సీలోని వీడియోబ్రిడ్జి ఎవరి బొమ్మను వారిదిగా అందరికి చేరవేయునే గాని ఒక్క దృశ్యముగా కూర్చదు. ఆ కూర్పు చూచువాని బ్రౌజరులోనే జరుగును. కావున రికార్డు చేయుటకు ఒక ప్రేక్షకుడే కావలసి వచ్చెను. జిబ్రీ ఏమి చేయుననగా, మానిటరు లేని యంత్రములో ఒక మాయాతెరను కల్పించి, దానిపై క్రోమ్ బ్రౌజరును తెరచి, సభ్యుల పట్టికలో కనబడకుండ సభలో కూర్చుండును. తెరమీద కదలినదెల్లను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను ప్రోగ్రాము అప్పటికప్పుడే వీడియోగా మార్చును. ప్రాసెసరు రొప్పునది ఇక్కడనే. కెమెరా ఆపి పోపు పెట్టుకొను సభ్యులెందరున్నను, మొదటి నుండి చివరి దాక కదలక విన్నది ఇది యొక్కటే; అందరును లేచిపోయిన పిమ్మట 30 సెకన్లు చూచి గాని లేవదు.

వినుటకు సౌండు కార్డు వలయును గదా. సర్వరుకు అది లేదు. ఎస్‌ఎన్‌డీ-అలూప్ అను లినక్సు మాడ్యూలు దొంగ సౌండు కార్డును పుట్టించును. అద్దెకు తెచ్చిన క్లౌడు యంత్రముల కుదింపు కెర్నళ్ళలో ఇది తరచు ఉండదు. అప్పుడు ధ్వనిద్వారము తెరచుకొనక రికార్డింగే మొదలు కాదు. సాధారణ కెర్నలు వేసి రీబూట్ చేయుటయే దీనికి మందు.

పాఠాంతరము. "రికార్డింగు సేవ అందుబాటులో లేదు" అని కొన్ని వేళల కనబడును. జిబ్రీ అసలే నడవనప్పటి పాఠమిది. దీనితో పోల్చిన మన మూలము శుభవార్తయే.

మతాంతరము. జిట్సీ వంటిదే యగు బిగ్‌బ్లూబటన్ అను సాఫ్ట్‌వేరు వారి దారి వేరు. 2007లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఈ మతములో ప్రేక్షకుడు లేడు. స్వరము, కెమెరా, స్లైడ్లు, చాట్ దేనికది దాచి, సభ ముగిసిన తరువాత తీరికగా కూర్తురు. ఒకే వేళ పలు సభలను రికార్డు చేయవచ్చును గాని, రికార్డింగు చేతికందుటకు వరుసలో కాచుకొనవలెను. పాఠాలు చెప్పువారికి ఇదే మేలని మా పక్షము. సంఘము వారు వినరు. లింకు నొక్కగానే లోనికి రావలెనట.

శంక. "మేము" అనగా నెవరు?

సమాధానము. చందా కట్టు సేవలలో ఎక్కడనో ఇంజనీర్లుందురు, వారని సరిపెట్టుకొనవచ్చును. సొంత సర్వరులో ఆ వీలు లేదు. మీట నొక్కినవాడు, వాక్యము చదివినవాడు, దానిలో "మేమున్నాము" అని అభయమిచ్చినవాడు ఆ నిర్వాహకుడొక్కడే. వక్త గొంతు సవరించుకొనుచున్నాడు. ఇతడు టెర్మినలు తెరచి జిబ్రీని రీస్టార్టు చేసెను. జిబ్రీ ఖాళీ యైనది; మీట ఈ మారు పలికినది. పక్క గదిలో, కోశాధికారి హాలు అద్దెకు చివరి మాట చెప్పుచుండగా, రికార్డింగు ఆగిపోయినది. పిమ్మట వచ్చిన అధ్యక్షులవారి ఫోను సులభగ్రాహ్యమగుటచే దానికి టీక వ్రాయలేదు.