అంగీకార పత్రం

ట్రేడ్‌మార్క్ అంటే ఒక పేరు రాసిచ్చి, డబ్బు కట్టేసి, మర్నాడే సీసా మీద గుండ్రంలో ‘ఆర్’ అచ్చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ‘టీఎం’తో సరిపెట్టుకోవాలని చెబితే మొహాలు వాడిపోతాయి. విజయవాడలో మా ఆఫీసుకొచ్చిన పచ్చళ్ళాయనకి ఇదేమీ చెప్పక్కర్లేకపోయింది. అన్నీ కనుక్కునే వచ్చాడు. ఆవకాయ, గోంగూర 29వ తరగతి, కారప్పొడులు 30వ తరగతి అని నేను అనేలోపే, “చిన్న వ్యాపారానికి తరగతికి 4,500. రెండూ కలిపి 9,000 కదండీ,” అంటూ ఉద్యమ్ సర్టిఫికెట్టు జిరాక్సు బల్ల మీద పెట్టాడు.

పక్క వీధిలో ఎవరో ఇంకో ముసలావిడ బొమ్మతో పచ్చళ్ళు మొదలెట్టారట, అందుకీ తొందర. “వాళ్ళమ్మకి అన్నం వార్చడం కూడా రాదండీ,” అని ఆయన బాధ.

ఆయన సీసా మాత్రం ముచ్చటగా ఉంటుంది. పసుపు రంగు లేబులు, నడుమ గుండ్రంలో అమ్మ బొమ్మ. నుదుట రూపాయి కాసంత కుంకుమ, ముక్కుకి బేసరి. కింద ఆవిడ పేరు, పక్కనే ‘చేతి పచ్చళ్ళు’. వెనకవైపు సన్నటి అక్షరాల్లో, అమ్మ మన మధ్య లేకపోయినా ఆమె చేతి రుచి మీ కంచంలో పదిలం అని రాసి ఉంటుంది. షాపులో గల్లాపెట్టె పైన అదే ఫోటో, గంధపు దండతో. పొద్దున్నే అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకోనిదే ఆయన మొదటి బేరం ముట్టడు. మదర్స్ డేకి 10 శాతం తగ్గింపు. అరకిలో కోసం వచ్చిన ఆడవాళ్ళు ఆ లేబులు చదివి, కళ్ళు తుడుచుకుని, కిలో కట్టించుకుపోతారు. నేనూ కొన్నాను. మాగాయ బావుంటుంది.

2016 నుంచి ఈ పేరు వాడుతున్నానన్నాడు. ఊరికే అంటే ఒప్పుకోరు, అఫిడవిట్టుతో ఆధారాలు జతచెయ్యాలి. నూనె మరకల పాత బిల్లు పుస్తకాలు, లేబుళ్ళు అచ్చేయించిన రసీదులు, షాపు ప్రారంభోత్సవం ఫోటో తెచ్చాడు. రిబ్బను కత్తిరిస్తున్నది ఆవిడే. బేసరి అదే.

కొన్నాళ్ళకి చెన్నై రిజిస్ట్రీ నుంచి పరీక్ష నివేదిక వచ్చింది. 30 రోజుల్లో జవాబియ్యాలి. అభ్యంతరాలు రెండు. మొదటిది నేను ఊహించిందే. ‘చేతి పచ్చళ్ళు’ సరుకుని వర్ణించే మాట, దాన్ని ఒక్కరి సొత్తు చెయ్యరు. విడిగా ఆ మాట మీద మాకు హక్కు అక్కర్లేదని రాసిస్తే తీరిపోతుంది. రెండోది బొమ్మ గురించి.

“బొమ్మలో ఉన్నది నిజం మనిషైతే అంగీకార పత్రం పెట్టమంటున్నారండీ,” అన్నాను.

“మా అమ్మ బొమ్మ నేను వేసుకోడానికి ఇంకొకళ్ళ అంగీకారమేంటండీ?”

“14వ సెక్షను. పోయి 20 ఏళ్ళు దాటితే ఈ గొడవ ఉండేది కాదు. 2016లో రిబ్బను కత్తిరించారు కాబట్టి దాటలేదు. వారసుల సంతకాలు కావాలి. మీరు కాక ఇంకెవరున్నారు?”

“తమ్ముడు, చెల్లెలు.”

“ఇద్దరి చేతా పెట్టించండి.”

“చెల్లెలు పెడుతుంది. వాడు ఛస్తే పెట్టడు. ఊళ్ళో ఇంటి మీద మాకు కోర్టులో నడుస్తోంది.” సీసా అటూ ఇటూ తిప్పుతూ కాసేపు ఊరుకున్నాడు. “ఇదొక్కటి దాటితే?”

“జర్నల్లో వేస్తారు. 4 నెలల్లో ఎవరూ అడ్డు చెప్పకపోతే 10 ఏళ్ళ దాకా పేరూ బొమ్మా మీవే. తర్వాత డబ్బు కట్టి మళ్ళీ పొడిగించుకోవచ్చు.”

“ఊఁ... మరి బొమ్మలో మనిషి బతికుంటే ఎవరు పెట్టాలండీ సంతకం?”

“బతికుంటే ఇంకెవరితోనూ పనిలేదు. ఆ మనిషి పెడితే చాలు.”

ఆయన మొహం విప్పారింది. సీసా సంచిలో పెట్టుకుని లేచాడు.

“అయితే బతికున్నట్టే రాసెయ్యండి. ఆదివారం వెళ్ళి పెట్టించుకొస్తాను. మిగతా రోజుల్లో ఆ వృద్ధాశ్రమం వాళ్ళు లోపలికి రానివ్వరు.”