రైఫిల్ రంగు పద్యం: టీకా, తాత్పర్యం

రైఫిలునకు రంగు రాయింపవలెనొకో?
నల్లగానె యున్న నష్టమేమి?
జింక చూచు నీలి, చెంగావి చూడదు;
కొనెడువాడు చూచు, కొసరు కోరు.

అవతారిక: అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో తుపాకితో జింకల వేట ఒకప్పుడు థాంక్స్‌గివింగ్ తరువాతి సోమవారం మొదలయ్యేది. 2019 నుంచి ఆ పండుగ తరువాతి శనివారమే మొదలవుతోంది. ఆ శనివారం దగ్గర పడుతుండగా ఒక వేటగాడు రైఫిల్‌ను బల్ల మీద పెట్టుకుని, జింక కంటపడకుండా దాని ఒంటినిండా ఆకుల, కొమ్మల బొమ్మలు దించాలా వద్దా అని తనలో తాను తర్కించుకొనుట ఇందలి వస్తువు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తుంది గనుక జింక అనగానే పాఠకుడు ఉలిక్కిపడవచ్చు. ఇది అక్కడి తెల్లతోక జింక, దాని వేట లైసెన్సు మీద సాగుతుంది. మూలంలో లేనిది రాయనని మెదకు సీమవాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. ఈ టీకాకారుడు పట్టలేదు.

ప్రతిపదార్థం: రైఫిలునకు = ఉక్కు గొట్టము, కొయ్య లేక ప్లాస్టిక్ మడమ గల తుపాకికి; రంగు = ఆకు, బెరడు, ఎండుగడ్డి పోలికల పూత; రాయింపవలెనొకో = పూయించవలెనా ఏమి; నల్లగానె యున్న = ఫ్యాక్టరీ ఇచ్చినట్టే ఉంచినచో; నష్టమేమి = ఏమియు లేదని కవి హృదయము (దీనిని ముందు ఖండింతుము); చెంగావి = వేటగాడు తొడుక్కున్న నారింజ రంగు చొక్కా; కొనెడువాడు = రేపటి యజమాని; కొసరు = ధరలో తగ్గింపు; కోరు = కోరును, కోరక మానడు.

వ్యాఖ్య: రంగు వేయిస్తారు, పూయిస్తారు, రాయించరు. యతి కోసం కవి రాయించాడు, క్షంతవ్యుడు.

పూత వేసే దారులు మూడు. చవకైనది స్ప్రే డబ్బా. మెరుపు లేని రంగులు తెచ్చి, గడ్డిపరకలో వలసంచో అడ్డం పెట్టి పెరట్లో చల్లుకోవడమే. నచ్చకపోతే థిన్నరుతో తుడిచేయవచ్చు. రెండోది జలమార్గం. తొట్టిలో నీటి మీద బొమ్మ అచ్చైన పలుచని పొర పరుస్తారు. పొర కరిగి సిరా మాత్రం తేలుతుండగా మడమను మెల్లగా ముంచితే బొమ్మ చుట్టూ అంటుకుంటుంది. మూడోది అగ్నిమార్గం, అంటే ఆరెగాన్ రాష్ట్రంలో పుట్టిన సెరకోట్ అనే సిరామిక్ పూత. పాత పూతను రాపిడి పొడితో ఊడగొట్టి, కొత్తది చల్లి, 250 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో రెండు గంటలు కాలుస్తారు. ప్లాస్టిక్ మడమకైతే వేడి తగ్గించి సేపు పెంచుతారు. నాలుగు రంగుల ఆకులు కావాలంటే ఖర్చు వందల డాలర్లు.

రెండో పాదంలోని ప్రశ్నకు జవాబు: తుప్పు. తుపాకి ఉక్కు మీది నల్లదనం కూడా ఒక రకం ఇనుప ఆక్సైడే. కావాలని పట్టించిన ఆ పలుచటి పొరకు చెమట, వాన, ఉప్పుగాలి పడవు. నూనె గుడ్డ తప్పదు. సెరకోట్ ఈ బాధను నిజంగానే తగ్గిస్తుంది. అయితే ఆ గుణం పూతది, ఆకుల బొమ్మది కాదు. ఒకే రంగు వేసినా అంతే కాపాడుతుంది.

మూడో పాదం పద్యానికి ఆయువుపట్టు. జింక కంటికి రంగు తెలిపే కణాలు రెండు రకాలే. నీలి వైపు మనకంటే బాగా చూస్తుంది, ఎరుపు, నారింజ దానికి విడిగా తోచవు. కాబట్టి పెన్సిల్వేనియా చట్టం ఈ వేటలో తల, రొమ్ము, వీపుల మీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు, ఏ వైపునుంచి చూసినా కనబడేలా, ధరించమన్నా జింకకు పట్టదు. ఆ రంగు తోటి వేటగాడి తూటా తగలకుండా ఉండటానికి. చొక్కాకూ 250, పొయ్యికీ 250 వచ్చుట శ్లేష అని కొందరు. కాకతాళీయమని మా మతం.

ఇక్కడ అలంకారం చూడండి. ఒక వస్తువు పక్కదానిలో కలిసిపోయి తెలియకపోతే మీలితం, కలిసినా తేడా బయటపడితే ఉన్మీలితం. ఆకుల రైఫిల్ మీలితం. దాన్ని పట్టుకున్న నారింజ చొక్కా మనిషి ఉన్మీలితం. రెండూ ఒకే వ్యక్తి మీద నిలవడం అలంకారశాస్త్రం ఊహించని సంకరం. రైఫిల్‌ను చెట్టుకు ఆనించి పక్కకు వెళ్లొస్తే మీలితం పూర్తిగా సిద్ధిస్తుంది. వెతుక్కోవలసింది యజమానే.

“నీలి” అన్నచోట “నీడ” అని పాఠాంతరం. అదీ సాధువే, జింక పసిగట్టేది కదలికను. ఆకుల తుపాకి ఎత్తినా చెయ్యి కదిలిందంటే అయిపోయింది. టర్కీకోడి సంగతేమిటని పూర్వపక్షం. దానికి రంగులు బాగా తెలుసు, నిజమే. కానీ పెన్సిల్వేనియాలో వసంతకాలపు టర్కీ వేటకు రైఫిల్ నిషిద్ధం. కవి రైఫిలన్నాడు గనుక ఆ వాదం వీగిపోయింది.

ఈ ఆకుల బొమ్మల ద్రష్టల్లో ఇద్దరు ప్రసిద్ధులు, ఇద్దరిదీ 1986వ సంవత్సరమే. మోసీ ఓక్ అనే బొమ్మల కంపెనీని మిసిసిపీలో టాక్సీ హాస్ మొదలుపెట్టాడు, రియల్‌ట్రీ అనేదాన్ని జార్జియాలో బిల్ జోర్డన్. ఆ బొమ్మలు అంగట్లో మనిషి కంటికి నచ్చి అమ్ముడయ్యాయి. జింకలు కొన్నది లేదు.

నాలుగో పాదం విన్చెస్టర్ మోడల్ 70ని ఉద్దేశించినదని తోస్తుంది. 1936లో వచ్చిన ఆ రైఫిల్‌లో 1964కు ముందు చేసినవాటికి సేకరించేవారు ఎగబడతారు, అదీ అసలు పూత చెక్కుచెదరకుండా ఉంటేనే. దానికి సొంత రంగు వేయించినవాడు కొసరు కాదు, అసలే పోగొట్టుకుంటాడు.

తాత్పర్యం: జింక కోసమైతే వద్దు. తుప్పు భయముంటే మెరుపు లేని ఒకే రంగు చాలు. ఆకులే ముచ్చటైతే మామూలు రైఫిల్ మీద స్ప్రే డబ్బాతో తీర్చుకోవచ్చు. పాత మోడల్ 70ని నూనె గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాలి. ఏ పూత అయినా సీరియల్ నంబరు పూడిపోకూడదు. నంబరు చెరిపేసిన తుపాకి దగ్గరుంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.