బిడ్డ ఫైలు మీ టేబుల్ మీద నిలవకుండా ఉండాలంటే

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. బ్లడ్ క్యాన్సర్ ముప్పు మిగతా పిల్లలకన్నా పది రెట్లకు పైనే. కాబట్టి రెండు జబ్బులూ ఉన్న బిడ్డ ఏదో ఒకరోజు మీ ఓపీకి వస్తాడు. కంగారు పడకండి. చేతికి మట్టి అంటకుండా బయటపడే దారులున్నాయి.

1. పుట్టగానే ఎకో తీయించకండి. పాలు తాగుతూ చెమటలు కక్కుతున్నాడని తల్లి చెబితే "ఎండాకాలం కదమ్మా" అనండి. మాటిమాటికీ నిమ్ము చేస్తే మళ్లీ అదే సిరప్ రాయండి.

2. ఒళ్లు పాలిపోతే ఐరన్ టానిక్ ఇవ్వండి. కాళ్ల మీద కమిలిన మచ్చలుంటే ఆడుకుంటూ పడ్డాడనండి. పెదాలు నీలంగా ఉండే గుండె జబ్బు పిల్లాడైతే మరీ సులువు. అలాంటి పిల్లలకు హిమోగ్లోబిన్ మామూలుగానే ఎక్కువ ఉంటుంది. అది 12కు పడిపోయినా ల్యాబ్ కాగితం 'నార్మల్' అనే అంటుంది. కాగితం చూడండి, బిడ్డను చూడకండి.

3. అసలు కిటుకు ఇది. గుండె డాక్టరు "ముందు క్యాన్సర్ సంగతి చూసుకుని రండి" అనాలి. క్యాన్సర్ డాక్టరు "గుండెకు ఫిట్‌నెస్ రాయించుకుని రండి" అనాలి. ఒకరికొకరు ఫోన్ చేసుకోకూడదు. ఒకరి ఓపీ మంగళవారం, ఇంకొకరిది శుక్రవారం పెట్టుకోండి. తండ్రికి వారానికి రెండు రోజుల కూలి పోతుంది. పైగా ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర ఆధార్ జిరాక్స్ తక్కువైందని ఒకసారి తిప్పండి. నాలుగో వారం ఆయన ఓపీ చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఊరి బస్సెక్కుతాడు. కేస్ షీట్‌లో 'తల్లిదండ్రులే చికిత్స మానేశారు' అని రాసేయండి.

4. కీమో మొదలుపెట్టక తప్పకపోతే డాక్సోరుబిసిన్‌ను ఎకో చూడకుండానే ఎక్కించండి. ఆ మందు గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది గానీ, కొందరిలో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి మీకు బదిలీ అయిపోతుంది.

5. సెలైన్ అందరికీ పెట్టినట్టే పెట్టండి. బలహీనమైన గుండె అంత నీరు మోయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరితే, జబ్బు ముదిరిందని చెప్పండి.

సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమై ఇంటికెళ్తున్నారు. చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా వెళ్లడం లేదు. డాక్టరుగారూ, పై చిట్కాలన్నీ చించేయండి. ఈరోజే పక్క డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేయండి, ఆ బిడ్డను ఇద్దరూ కలిసి ఒకే రోజు చూడండి.