తేనెమంచు వదిలి పొగమంచులోకి

మామిడి రైతు ఢిల్లీ సదస్సుకు వెళ్లాల్సిన నెల జనవరి. ఆ నెల ఇంట్లో ఉంటే పూత చూసుకోవాలి, మందు కొట్టే మనుషుల కోసం తిరగాలి. ‘మామిడి మార్కెటింగ్‌లో రైతు పాత్ర’ అని ఆహ్వానం వచ్చిందంటే, ఆ పాత్ర తోటలో కాదు, వేదిక మీద ఉందన్నమాట. బయల్దేరండి.

ముందు స్వెట్టరు. కొనకండి. మైలవరం చలికి దుప్పటే ఎక్కువ, ఇక్కడ దాంతో పనేముంది? ఎప్పుడో ఉత్తరాదిలో ఉద్యోగం చేసొచ్చిన పెద్దాయన ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. ఆయన బీరువాలో కలరా ఉండల మధ్య ఒకటి పడుంటుంది, అడిగి తెచ్చుకోండి. ఆ వాసనకు రైల్లో పక్క సీటు దానంతటదే ఖాళీ అవుతుంది.

బెజవాడ నుంచి 1,700 కిలోమీటర్ల పైనే ప్రయాణం. ఆగ్రా దాటాక కిటికీలోంచి ఏమీ కనిపించకపోతే అద్దం తుడవకండి, మురికి బయటే ఉంది. రైలు ఎంత లేటని టీసీని అడిగి ఆయన్ని బాధపెట్టకండి.

సదస్సు గుమ్మంలో మెడలో కార్డు వేస్తారు. దాని మీద మీ ఊరు ‘మైలవరం, కడప జిల్లా’ అని ఉంటుంది. మాది ఎన్టీఆర్ జిల్లా, నూజివీడు పక్కన అని మొదలుపెట్టకండి, వరస ఆగిపోతుంది. భోజనాల దగ్గర ఎవరైనా ‘మీ డ్యామ్‌లో నీళ్లున్నాయా?’ అంటే నిండుగా ఉన్నాయనండి.

హాల్లో బయటికన్నా చలి. ఏసీ ఎందుకని అడగొద్దు. తెర మీద తేనెమంచు పురుగు బొమ్మ ఏనుగంత చేసి చూపిస్తారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది. బావమరిది.

‘‘బావా, ఆకులు జిగురు పట్టాయి. చెట్టు కిందకెళ్తే చిటపటమంటోంది.’’

పురుగు కొమ్మల్లో ఎగురుతున్న చప్పుడది. ‘ఆ సంగతే వింటున్నా’ అని నెమ్మదిగా చెప్పి ఫోన్ పెట్టేయండి. మొగ్గ దశలో మందు పడాలని, పూత పూర్తిగా విచ్చుకున్నాక కొడితే పరాగం మోసే ఈగలు పోతాయని వక్త చెప్తుంటారు. తల ఊపండి. అందరూ ఊపుతారు.

రెండోరోజు మధ్యాహ్నం తప్పించుకోవాలి. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. పప్పు, కందిపొడి, నెయ్యి. సదస్సు సారమంతా ఇక్కడే ఉందని నాకైతే నమ్మకం. అక్కడి నుంచి ఆజాద్‌పూర్ మండీకి పోండి. వేసవిలో మన సరుకు దిగే చోటు. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన బంగినపల్లి అక్కడ ‘సఫేదా’. ఆ పేరెవరు పెట్టారని తగాదా పడకండి. దానికైనా పేరు మార్చి ఊరుకున్నారు, మీకు జిల్లానే మార్చారు. జనవరిలో మండీలో మామిడి ఉండదు కాబట్టి ధర గురించి ఎవరూ అబద్ధం చెప్పరు. టీ తాగిస్తారు. రెండు రోజుల ఉపన్యాసాల్లో దొరకని లెక్క, పెట్టెకు ఎంత పోతుందో, దారిలో ఎన్ని పండ్లు మెత్తబడతాయో, ఆ టీ పూర్తయ్యేలోపు తెలుస్తుంది. ఇది నివేదికలో రాయకండి, కార్యక్రమంలో లేదు.

ముగింపు రోజు శాలువా కప్పి, అట్టపెట్టెలో జ్ఞాపిక ఇస్తారు. తెరిస్తే కొండపల్లి అంబారీ ఏనుగు. పొణికి కర్రతో చేసింది, తొండం చూస్తేనే తెలుస్తుంది. మొదటిసారి చూస్తున్నట్టు ఆశ్చర్యపోండి. దాన్ని ఒళ్లో పెట్టుకుని 1,700 కిలోమీటర్లు వెనక్కొచ్చి, బెజవాడలో మైలవరం బస్సెక్కుతారు. బస్సు కొండపల్లిలో ఆగుతుంది. పక్కాయన పెట్టెలోకి తొంగిచూసి ‘‘ఇక్కడెంతకిచ్చారండీ?’’ అంటాడు. ‘ఢిల్లీలో’ అనకండి.

తోటకెళ్లేసరికి పూత మొత్తం విచ్చుకుని ఉంటుంది. ఇప్పుడు కొట్టకూడదని బావమరిదికి మీరే వివరంగా చెప్పండి. ఆఖరికి విన్నది పనికొచ్చే చోటు అదొక్కటే. అతను ఏమీ అనడు, చేతిలో సదస్సు సంచి అందుకుని కుట్లు లాగి చూస్తాడు. గట్టి సంచే. గంధకం పొట్లాలు అయిదారు పడతాయి.